రక్తములో వైరసు లెక్క: హెపటైటిస్ ‘సి’ చికిత్స కథ

ఏ మందు పుచ్చుకొనువాడైనను మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ‘ఇది నాకు పనిచేయుచున్నదా?’ జ్వరమునకు మందు వేసికొనినవాడు నుదుటిపై చేయి పెట్టుకొని జవాబు తెలిసికొనును. పుండునకు లేపనము పూసికొనినవాడు కంటితో చూచి తెలిసికొనును. వికారాబాదు దాపున అనంతగిరి కొండలపై నిజాముల కాలమునాటి క్షయరోగుల ఆరోగ్యాలయ మొకటి కలదు. కొడంగల్, తాండూరు, పరిగి ప్రాంతముల పెద్దలకు దాని పేరు చిరపరిచితము. క్షయ విషయమున రోగి బరువు తూచి, ఎక్స్‌రే తీసి, కఫము పరీక్షించి మందు గుణమును కనిపెట్టుట వైద్యులకు అలవాటైన పద్ధతి. కాని కాలేయములో దాగి, నొప్పి లేక, జ్వరము లేక, ఇరువది ముప్పది సంవత్సరములు చప్పుడు చేయక తన పని తాను చేసికొనిపోవు రోగము విషయమున ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట యెట్లు? హెపటైటిస్ ‘సి’ చికిత్స చరిత్ర అంతయు ఈ ప్రశ్నకు జవాబు వెదకిన చరిత్రయే.

తెలంగాణ పల్లెలలో కామెర్లను పసిరికలందురు. కన్ను పచ్చబడిననే కాలేయమునకు జబ్బు చేసినదని మనవారి లెక్క. కన్ను పచ్చబడగనే పసరు మందునకు పరుగెత్తుటయు, కొన్ని వారములకు పచ్చదనము తగ్గగనే జబ్బు పోయినదనుకొనుటయు పరిపాటి. కలుషితమైన నీటివలన వచ్చు ‘ఏ’, ‘ఇ’ రకముల కామెర్లు చాలవరకు వాటంతట అవియే తగ్గును గనుక ఆ పేరు పసరునకు దక్కుచున్నది. హెపటైటిస్ ‘సి’ అట్టిది కాదు. అది నీటివలన రాదు, రక్తమువలన వచ్చును. వచ్చినవారిలో పెక్కుమందికి కన్ను పచ్చబడనే పచ్చబడదు. నూటికి ముప్పదిమందికి ఆరు మాసములలో దానంతట అదియే తొలగిపోవును. తక్కిన డెబ్బదిమందిలో అది స్థిరపడును. అట్లు స్థిరపడినవారిలో ఇరువది సంవత్సరములు గడచునప్పటికి నూటికి పదునైదు మొదలు ముప్పదిమంది వరకు కాలేయము గట్టిపడి ముడుచుకొనిపోవును. దానినే వైద్యులు సిర్రోసిస్ అందురు. కాలేయపు పుట్టకురుపునకు అది దారితీయును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2022లో మన దేశమున ఈ వైరసుతో జీవించుచున్నవారు 55 లక్షలమంది.

ఈ రోగము చాలకాలము పేరు లేకయే తిరిగినది. 1970ల నాటికి ‘ఏ’, ‘బి’ వైరసులను గుర్తించు పరీక్షలు వచ్చినవి. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థ రక్తనిధిలో పనిచేయుచుండిన హార్వే ఆల్టర్, ఆయన సహచరులు రక్తమెక్కించుకొనిన పిదప కాలేయము వాచిన రోగులను ఆ పరీక్షలతో శోధించిరి. పెక్కుమందిలో ‘ఏ’యు లేదు, ‘బి’యు లేదు. 1975లో వారు దానిని ‘ఏ కాని, బి కాని హెపటైటిస్’ అని పిలిచిరి. అది యేమి కాదో చెప్పు పేరేగాని యేమైనదో చెప్పు పేరు కాదు.

శత్రువు కంటబడకమునుపే చికిత్స మొదలైనది. 1986లో జే హూఫ్‌నేగల్ అను వైద్యుడును ఆయన బృందమును పదిమంది రోగులకు ఇంటర్‌ఫెరాన్ అను మందును సూదిద్వారా ఇచ్చి చూచిరి. వైరసు దాడిచేసినప్పుడు మన శరీరమే తయారుచేసికొను రక్షక పదార్థమది. మందు పనిచేసినట్లు వారికెట్లు తెలిసెను? కాలేయకణములు చెడినప్పుడు కొన్ని ఎంజైములు రక్తములోనికి కారును. వాటి మోతాదు పదిమందిలో ఎనమండుగురికి తగ్గినది. అది ఆశ కలిగించిన ఫలితమే. ఐనను ఎంజైము వైరసు కాదు. పొగ తగ్గినంత మాత్రమున నిప్పు ఆరినదని చెప్పుటకు వీలులేదు గదా! ఎంజైములు మామూలు మట్టమునకు వచ్చినవారిలోను వైరసు మిగిలియుండవచ్చును. మందు మానగనే పెక్కుమందికి రోగము తిరుగబెట్టినది.

1989లో కాలిఫోర్నియాలోని కైరాన్ సంస్థలో మైకేల్ హౌటన్, క్వి-లిమ్ చూ, జార్జి క్యువో, వారికి తోడుగ ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రమునకు చెందిన డేనియల్ బ్రాడ్లీ కలసి ఈ వైరసు జన్యుపదార్థమును పట్టుకొనిరి. వైరసును కంటితో చూడకయే, దాని జన్యువు ముక్క నొకదానిని ముందు చేజిక్కించుకొని, దానినుండి తక్కినది రాబట్టిన విధానము వైద్యశాస్త్రమునకు క్రొత్త. దానికే హెపటైటిస్ ‘సి’ అను పేరు స్థిరపడినది. ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్ అను మువ్వురికి 2020లో నోబెల్ బహుమానము లభించినది. ఆ వైరసొక్కటియే ఈ రోగము కలిగింపగలదని రైస్ 1997లో నిరూపించెను.

వైరసు దొరకగనే రక్తపరీక్ష వచ్చినది. అది వైరసును వెదకు పరీక్ష కాదు. వైరసును ఎదుర్కొనుటకు శరీరము తయారుచేసిన ప్రతిరక్షకములను వెదకు పరీక్ష. ఈ భేదమును మన కుటుంబములు బాగుగ గుర్తుంచుకొనవలసియున్నది. ప్రతిరక్షకములు అడుగుజాడలవంటివి. దొంగ యింటిలో నున్నను జాడలుండును, వెడలిపోయినను జాడలుండును. రోగము పూర్తిగ నయమైన మనిషి రక్తములో సైతము అవి యేండ్ల తరబడి, తరచు జీవితాంతము, నిలిచియుండును. కావున దాత రక్తమును వడబోయుటకు ఆ పరీక్ష ఎంత మేలు చేసినను, చికిత్స ఫలించినదా లేదా యని చెప్పుటకు పనికిరాదు. అందుకు దొంగనే లెక్కపెట్టవలెను.

ఆ లెక్కకు సాధనము పి.సి.ఆర్. అను ప్రక్రియ. 1983లో కేరీ మల్లిస్ దీనిని ఊహించెను. 1993లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. జన్యుపదార్థపు ముక్కను ఒకటికి రెండు, రెండునకు నాలుగు, నాలుగునకు ఎనిమిదిగ ఇనుమడింపజేయుచు పోయిన యెడల ముప్పది మారులకు నూరు కోట్లు దాటును. కంటికానని లేశము సైతము అప్పుడు కొలతకు చిక్కును. ‘సి’ వైరసు జన్యువు ఆర్.ఎన్.ఏ. గనుక దానిని ముందు డి.ఎన్.ఏ.గ మార్చుకొని పిమ్మట ఇనుమడింపజేయుదురు. ఎన్ని విడతలలో గుర్తు కనబడినదో చూచి మొదట ఎంత వైరసున్నదో గణింతురు. దానినే వైద్యులు వైరల్ లోడు అందురు; మనము వైరసు లెక్క అందము.

ఐతే మొదటి దినములలో ఆ లెక్కలకు ఒక పొత్తు లేకుండెను. పూర్వము మన సంతలలో ఒక ఊరి మానిక మరియొక ఊరి మానికతో సరిపోయెడిది కాదు. అటులనే ఒక ప్రయోగశాల చెప్పిన సంఖ్య మరియొక ప్రయోగశాల సంఖ్యతో కలిసెడిది కాదు. రోగి ఈ నెల ఒకచోటను, వచ్చు నెల వేరొకచోటను పరీక్ష చేయించుకొనినచో తగ్గినది వైరసో, మారినది మానికయో తెలియకుండెను. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వైరసునకు మొదటి అంతర్జాతీయ ప్రమాణమును స్థాపించినది. నాటినుండి మిల్లీలీటరునకు ఇన్ని అంతర్జాతీయ యూనిట్లు అని లోకమంతయు ఒక్క భాష మాటలాడుచున్నది. నేటి యంత్రములు మిల్లీలీటరునకు పదునైదు యూనిట్లవంటి స్వల్ప మొత్తమును సైతము పట్టగలవు.

లెక్క చేతికి రాగానే వైరసు నడవడియు తెలియవచ్చినది. 1998లో అవిడన్ నాయ్‌మన్, అలన్ పెరెల్సన్ ప్రభృతులు ఇంటర్‌ఫెరాన్ ఇచ్చిన తొలి గంటలనుండియు రక్తము తీసి వైరసు తగ్గు తీరును గణించిరి. రోగి శరీరములో దినమునకు ఇంచుమించు లక్షకోట్ల వైరసులు పుట్టుచున్నవనియు, రక్తములోనున్న వాటిలో సగము మూడు గంటలలోపుననే నశించుచున్నవనియు తేలినది. పైకి నిద్రించుచున్నట్లుండిన రోగము లోపల క్షణమైన విశ్రమింపలేదన్న మాట.

ఇచట సున్నల లెక్క యొకటి చెప్పవలసియున్నది. రోగి రక్తములో మిల్లీలీటరునకు ఇరువది లక్షల యూనిట్లున్నవనుకొందము. అది రెండు లక్షలకు దిగినచో ఒక సున్న తగ్గినది. ఇరువది వేలకు దిగినచో రెండు సున్నలు తగ్గినవి. వైద్యులు ఈ సున్నలతోనే మాటలాడుదురు. ఇరువది లక్షలు పది లక్షలైనదని రోగి సంతోషించును, వైద్యుడు సంతోషింపడు. సగమునకు తగ్గుట ఈ లెక్కలో పెద్ద మార్పు కాదు.

ఇంటర్‌ఫెరాన్ యుగమున ఈ సున్నలకు ప్రాణమంత విలువ యుండెను. 1998లో రిబావిరిన్ అను మాత్ర దానికి తోడైనది. 2001లో వారమునకు ఒక్క సూదితో సరిపోవు ఇంటర్‌ఫెరాన్ వచ్చినది. వైరసు మొదటి జాతిదైనచో నలువది యెనిమిది వారములు, మన దేశమున ఎక్కువగ కనబడు మూడవ జాతిదైనచో సాధారణముగ ఇరువది నాలుగు వారములు చికిత్స. సూది పడిన రాత్రి చలిజ్వరము, ఒళ్లునొప్పులు. రిబావిరిన్ వలన రక్తక్షీణత. కొందరిలో తీవ్రమైన మనోవ్యాకులత. ఇంత కష్టపడినను మొదటి జాతివారిలో సగముమందికైనను నయమగుట కష్టముగ నుండెను. అట్టి చికిత్సను ఎవరికి కొనసాగించవలెను, ఎవరికి ఆపవలెను అను నిర్ణయమునకు వైరసు లెక్కయే ఆధారము. నాలుగవ వారమున వైరసు కనబడకున్నచో శుభసూచకము. పండ్రెండవ వారమున రెండు సున్నలైనను తగ్గకున్నచో మందు ఆపవలసినదే. 2002లో ప్రకటింపబడిన ఒక గొప్ప పరిశోధనలో అట్లు తగ్గనివారిలో నూటికి మువ్వురు మాత్రమే కడకు స్వస్థులైరి. మందు ఆపుమనుట నిర్దయగ తోచును. కాని ఫలింపని సూదులు మరి ఎనిమిది నెలలకు పైగ పొడిపించుకొనుటనుండియు, ఇల్లు తాకట్టు పెట్టుటనుండియు ఆ లెక్క పెక్కుమందిని కాపాడినది.

ఈ కథలో తెలుగువారి పాత్ర అల్పమైనది కాదు. కె. ఐ. వరప్రసాదరెడ్డి 1993లో హైదరాబాదున స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ ‘బి’ టీకాను జన్యుశాస్త్ర పద్ధతిని దేశములో మొట్టమొదట తయారుచేసి విడుదల చేసెను. ఆ సంస్థయే 2002లో ఇంటర్‌ఫెరానును కూడ తెచ్చెను. దిగుమతి మందుపైననే ఆధారపడిన కాలము దానితో ముగియసాగినది.

పెద్ద మలుపు 2013 డిసెంబరులో వచ్చినది. సోఫోస్‌బువిర్ అను మాత్రకు ఆ నెల అమెరికాలో అనుమతి లభించినది. ఇంటర్‌ఫెరాన్ శరీరమును పోరునకు పురికొల్పును. ఈ మాత్ర వైరసు తన్ను తాను నకలు తీసికొను యంత్రములోనికి చొరబడి దానిని నిలిపివేయును. గోడ కట్టుచున్న తాపీవానికి పనికిరాని ఇటుక నొకటి అందించినట్లన్నమాట. ఆ పైన వరుస లేవదు. మరియొక మాత్రతో జతచేసి పండ్రెండు వారములు వేసికొనిన నూటికి తొంబదిమందికి పైగ స్వస్థులగుచుండిరి. కాని గిలియడ్ సంస్థ అమెరికాలో పెట్టిన వెల పండ్రెండు వారములకు 84,000 డాలర్లు, అనగా మాత్ర యొకటికి వేయి డాలర్లు.

హైదరాబాదు నాట్కో సంస్థ మన దేశమున ఆ మందు పేటెంటునకు అభ్యంతరము తెలిపినది. 2015 జనవరిలో పేటెంటు కార్యాలయము గిలియడ్ దరఖాస్తును తిరస్కరించెను. తుదకు 2016 మే నెలలో పేటెంటు మంజూరైనది. ఈలోపల గిలియడ్ 2014 సెప్టెంబరులో భారతీయ సంస్థలు కొన్నింటితో ఒప్పందములు చేసికొని, 91 వర్ధమాన దేశములలో చవుక మందు అమ్ముకొనుటకు అనుమతించెను. హైదరాబాదు హెటిరో వానిలో ఒకటి. 2015 మార్చిలో నాట్కోయు ఆ ఒప్పందములో చేరెను. నాట్కో మందు మొదట నేపాళమున 28 మాత్రల సీసా 19,900 రూపాయలకు వెలువడినది. పోటీవలన వెల అటుపిమ్మట ఇంకను దిగినది. నాట్కో కర్మాగారమున్న కొత్తూరు, హెటిరో కర్మాగారమున్న జడ్చర్ల దాపు పోలేపల్లి అప్పటికి మహబూబునగరము జిల్లాలోనివి. 1956 వరకు గుల్బర్గాకు చెంది, పిదప అదే జిల్లాలో చేరిన కొడంగల్ 2016లో క్రొత్తగ ఏర్పడిన వికారాబాదు జిల్లాలోనికి వచ్చినది. ఒకప్పుడు అమెరికా ధనికునికే అందిన మందు ఇట్లు కొడంగల్ రైతునకు పొరుగూరి సరకైనది.

మందు మారగనే లెక్క స్థానమును మారినది. క్రొత్త మాత్రలతో ఇంచుమించు అందరికిని నాలుగు వారములలోపుననే వైరసు కొలతకు అందని మట్టమునకు దిగును. నెమ్మదిగ దిగినవారును, చికిత్స ముగియునాటికి లేశమాత్రము మిగిలినట్లు కనబడినవారును సైతము తరువాత స్వస్థులగుట పరిశోధకులు చూచిరి. మధ్యలో ఎన్నిమార్లు కొలిచినను వైద్యుని నిర్ణయము మారుట లేదు. నిర్ణయము మార్చని పరీక్షకు రక్తమును, రూపాయలను, నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణమును, ఒకనాటి కూలిని ఖర్చుపెట్టుట యెందుకు? అందువలననే 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షల నడుమ భారమును తగ్గించు సరళమార్గమును సూచించినది. అదే యేడు జూలై 28న, ప్రపంచ హెపటైటిస్ దినమున, మన ప్రభుత్వము జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమమును ఆరంభించెను. దీని క్రింద పరీక్షలును మందులును ఉచితము. సిర్రోసిస్ లేనివారికి సోఫోస్‌బువిర్, డక్లటాస్‌విర్ మాత్రలు పండ్రెండు వారములు. వైరసు లెక్క రెండుమార్లే: చికిత్సకు ముందొకటి, మందు ముగిసిన పండ్రెండు వారములకు మరియొకటి.

కష్టమంతయు ఈ రెండవదానితోనే వచ్చినది. మందు ముగిసినది; ఒంటికి బాధ లేదు; బాధ మొదటనే లేదు. ఇక ఆస్పత్రికి పోవుట యెందుకని మనిషికి తోచుట సహజము. పాలమూరు, కొడంగల్ ప్రాంతపు కూలీలలో పెక్కురు బొంబాయి, పూనాలకు పనికి వలసపోవుదురు. పరీక్ష తేదీ వచ్చునాటికి మనిషి ఊరిలో ఉండకపోవచ్చును. ఇంటర్‌ఫెరాన్ కాలమున మాటిమాటికి కొలిచిన లెక్క నేడు ఒక్కసారికి వచ్చినది. ఆ ఒక్కసారియు తప్పిపోవు ప్రమాదము వచ్చినది.

తప్పిపోయిన నష్టమేమి? మొదటిది: నూటికి కొద్దిమందిలో వైరసు తిరిగి లేచును. మందు మానిన పండ్రెండు వారములకును రక్తములో వైరసు కనబడనిచో రోగము కుదిరినట్లు; తిరుగబెట్టినవారికి వేరు మందుల జత కలదు. కాని తిరుగబెట్టినట్లు లెక్క చెప్పినగదా ఆ మందు అందునది! రెండవది: ప్రతిరక్షకముల పరీక్ష జీవితాంతము ‘ఉన్నది’ అనియే చెప్పుచుండును. గల్ఫు దేశములకు పోవువారి వైద్యపరీక్షలో హెపటైటిస్ ‘సి’ పరీక్షయు నొకటి. శస్త్రచికిత్సకు ముందును దానిని చేయుదురు. అచట పాత అడుగుజాడను చూచి ఇంకను రోగియే యనుకొను వైద్యునికి చూపుటకు మనిషి చేతిలో నుండవలసినది, వైరసు లేదని చెప్పు ఆ కడపటి లెక్క కాగితమే. మూడవది: నయమైనవారికి ఈ రోగము మరల సోకవచ్చును. ఒకమారు వచ్చినంతమాత్రమున శరీరమునకు రక్షణ యేర్పడదు. అడుగుజాడలు పాతవే గనుక క్రొత్తగ సోకినదని చెప్పగలది వైరసు లెక్కయొక్కటే.

సోకు మార్గము గురించి ఈజిప్టు చరిత్ర గొప్ప హెచ్చరిక. అచట 1950ల నుండి 1980ల వరకు నత్తలద్వారా వచ్చు ఒక పురుగుజబ్బును నిర్మూలించుటకు పల్లెపల్లెన సూదిమందులిచ్చిరి. ఉద్దేశము మంచిదే, సూదులు సరిగ మరిగింపబడలేదు. ఫలితముగ ఆ దేశము ఈ వైరసునకు ప్రపంచములోనే పెద్ద ఆటపట్టైనది. అదే దేశము 2018 మొదలు కోట్లమందిని పరీక్షించి చికిత్స చేయించి, 2023లో నిర్మూలన మార్గమున ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశంసల నందుకొనెను. మాత్రతో పోవు జ్వరమునకును సూది పొడిపించుకొననిదే మందు పడినట్లు తోచని అలవాటు మన పల్లెలలోను కలదు. పొడుచు ప్రతి సూదియు కొత్తదేనా, మంగలి బ్లేడు మార్చినాడా యని అడుగుట నామోషీ కాదు.

ఇక చికిత్సలోనున్న కుటుంబములకు మూడు మాటలు. మందు మొదలుపెట్టకముందు హెపటైటిస్ ‘బి’ పరీక్ష తప్పక చేయించుడు. ఈ మాత్రలు వేసికొనునప్పుడు దాగియున్న ‘బి’ వైరసు మేల్కొనవచ్చును. ఇతర మందులేవి వాడుచున్నను వైద్యునికి తెలుపుడు. సిర్రోసిస్ ఉన్నవారు వైరసు పోయిన పిదపను ఆరు నెలలకొకమారు స్కానింగు చేయించుకొనుచుండవలెను. వైరసు పోయినను గట్టిపడిన కాలేయమునకు పుట్టకురుపు భయము పూర్తిగ పోదు.

కడపటి మాత్ర మింగిన దినముననే గోడమీది క్యాలెండరులో పండ్రెండు వారముల తరువాతి తేదీకి గుర్తు పెట్టుడు. ఆనాటికి ఇంటివాడు పూనాలో పనిచేయుచుండినచో, కార్యక్రమము దేశమంతటిది గనుక, అచటి ప్రభుత్వ కేంద్రమున అడుగవచ్చును. పాత కాగితములు వెంట నుండవలెను. వికారాబాదునకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది. పరీక్షకై పట్టణమునకే పోవలసిన అవసరము ఇకముందు తగ్గునని ఆశింపవచ్చును. పసిరికలు తగ్గినవా యని అద్దములో కన్ను చూచుకొనుట ఈ రోగమునకు చాలదు. మందు పనిచేసినదా యను ప్రశ్నకు జవాబు ఆ తేదీన తీయు రెండు మిల్లీలీటర్ల రక్తములో నున్నది. అడిగి తెలిసికొనుట మన వంతు.